ఇత్తడి గోడ – యిర్మీయా ప్రవక్త జీవితము



ప్రాకారముగల పట్టణములను శత్రువులు ముట్టడి వేసిన వృత్తాంతములు పరిశుద్ధ గ్రంథములో ఎన్నో ఉన్నాయి. యెరికో గోడలు కూలిన సంగతి మన సండేస్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. షోమ్రోను ముట్టడిలో గాడిద తల 80 తులముల వెండికి అమ్ముడుపోయిన సంగతి, హిజ్కియా దినములలో అష్షూరు రాజైన సన్హెరీబు యెరూషలేమును పట్టుకొనలేక తిరిగిపోయిన సంగతి మన ప్రసంగములలో తరచు వినిపిస్తాయి. అయితే ఈ కథలన్నిటిలోను మనము ఎప్పుడూ గెలిచినవారి పక్షమునే నిలబడి వింటాము. యెరికోలో మనము గోడ బయట బూరలు ఊదుతున్నవారము. హిజ్కియా కాలములో గోడ లోపల ఉన్నాము గాని, తెల్లవారేసరికి శత్రువు లేడు.

దేవుని ప్రజలు గోడ లోపల ఉండి, ప్రార్థనలు చేసి, బలులర్పించి, అయినా పట్టణము కూలిపోయిన ముట్టడి ఒకటుంది. అది నెబుకద్రెజరు యెరూషలేము మీద వేసిన ముట్టడి. దానిని గూర్చి మనము తక్కువగా వింటాము. ఆ ముట్టడిలో మొదటినుండి చివరివరకు గోడ లోపల బ్రతికిన ఒక మనుష్యుని జీవితమును ఈసారి మీ ముందుంచుతున్నాము.

యిర్మీయా అనాతోతు అను ఊరివాడు. యెరూషలేమునకు ఈశాన్యముగా సుమారు 5 కిలోమీటర్ల దూరములో, బెన్యామీను గోత్రపు భూమిలో ఉన్న యాజకుల పల్లె అది. తండ్రి హిల్కీయా. యోషీయా రాజు ఏలుబడిలో 13వ యేట, అనగా క్రీ.పూ. 627లో, యిర్మీయాకు దేవుని పిలుపు వచ్చింది. తాను చిన్నవాడననీ, మాటలాడుట చేతకాదనీ ఆయన తప్పించుకోజూశాడు. ఆ దినమున దేవుడు ఇచ్చిన వాగ్దానము విచిత్రమైనది. ఆయననే ఒక కోటగల పట్టణముగా, ఇనుప స్తంభముగా, ఇత్తడి గోడగా నిలుపుతానన్నాడు. ఎవరికి ఎదురుగా? బబులోను సైన్యమునకు కాదు. యూదా రాజులకు, అధిపతులకు, యాజకులకు, సొంత దేశ ప్రజలకు ఎదురుగా. కాబట్టి ముట్టడి మొదట పట్టణము మీదికి రాలేదు, ఒక యౌవనుని మీదికి వచ్చింది. పట్టణపు ముట్టడి నెలలలో లెక్కపెట్టవలసినది. ఈయన మీది ముట్టడి 40 ఏండ్లు సాగింది.

యోషీయా బ్రతికినంత కాలము కొంత నయముగానే ఉన్నది. ఆ రాజు క్రీ.పూ. 622 ప్రాంతమున దేవాలయములో దొరికిన ధర్మశాస్త్ర గ్రంథమును చదివించి, విగ్రహములను తీసివేసి దేశమును సంస్కరించాడు. క్రీ.పూ. 609లో ఐగుప్తు రాజైన నెకోను ఎదిరించబోయి మెగిద్దోలో మరణించాడు. కొద్ది నెలలకు ఆయన కుమారుడు యెహోయాకీము ఐగుప్తువారి చలువతో సింహాసనమెక్కాడు. అక్కడినుండి యిర్మీయాకు కష్టములు మొదలైనవి.

యెహోయాకీము ఏలుబడి ఆరంభములో యిర్మీయా దేవాలయపు ఆవరణములో నిలిచి, ఈ మందిరము ఉన్నది గదా అని ధైర్యముగా ఉండవద్దనీ, ఒకప్పుడు దేవుని గుడారమున్న షిలోహు పాడైనట్లే ఇదీ పాడవుతుందనీ చెప్పాడు. యాజకులు, ప్రవక్తలు ఆయనను పట్టుకొని చంపాలన్నారు. పెద్దలలో కొందరు మీకా ప్రవక్త కూడా పూర్వము ఇటువంటి మాటే చెప్పాడని గుర్తుచేశారు. షాఫాను కుమారుడైన అహీకాము అడ్డము నిలిచి కాపాడాడు. అదే రోజులలో ఇదే మాట ప్రవచించిన ఊరియా అను మరియొక ప్రవక్తకు అటువంటి దిక్కు లేకపోయింది. ఐగుప్తుకు పారిపోయినవానిని వెనుకకు రప్పించి రాజు కత్తితో చంపించాడు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. యెరూషలేము ప్రజలు వాక్యము తెలియని మూర్ఖులు కారు. వారికి క్రీ.పూ. 701 బాగా గుర్తున్నది. అప్పుడు సన్హెరీబు యూదాలో కోటగల పట్టణములు 46 పట్టుకొన్నానని తన శాసనములో వ్రాయించుకొన్నాడు; యెరూషలేమును పట్టుకొన్నానని మాత్రము వ్రాయలేకపోయాడు. ఆ ముట్టడి ముందర హిజ్కియా కట్టించినదని పండితులు తలచే గోడ 7 మీటర్ల వెడల్పున నేటికీ యెరూషలేములో కనబడుతుంది. 1970 ప్రాంతములో నహ్మాన్ అవిగాద్ అను ఆచార్యుడు దానిని త్రవ్వించి బయటపెట్టాడు. నీళ్ల కొరకు అప్పుడు తొలిచిన సొరంగము సుమారు 533 మీటర్ల పొడవు. గోడ ఉన్నది, నీళ్లున్నవి, మందిరమున్నది. పట్టణమును దేవుడే కాపాడుతాడని యెషయా చెప్పాడు, అలాగే జరిగింది. మరి నూరేండ్లు గడిచాక ఒక పల్లెటూరి యాజకుని కొడుకు వచ్చి, ఈసారి పడిపోతుంది, లోబడండి అంటే ఎవరు నమ్ముతారు? వారి వైపు వాక్యముంది, సాక్ష్యముంది, చరిత్ర ఉంది. తండ్రుల కాలములో దేవుడు చేసిన కార్యమును, తమ కాలములో ఆయన చెప్పుచున్న మాటను వినకుండుటకు అడ్డుగోడగా పెట్టుకొన్నారు. మన సంఘములలో కూడా పాత రోజుల ఉజ్జీవమును గూర్చి మాటలాడేటప్పుడు మాకు ఈ సంగతి జ్ఞాపకము వస్తుంది.

ఆయన సొంత ఊరివారే, అనాతోతు మనుష్యులే, ఆయనను చంపజూశారు. సొంత అన్నదమ్ములు కూడా మోసము చేశారు. పెండ్లి చేసుకోవద్దని దేవుడే ఆజ్ఞాపించాడు గనుక ఇంట ఓదార్చే మనిషి లేదు. ఇమ్మేరు కుమారుడైన పషూరు అను యాజకుడు కొట్టించి, ఒక రాత్రంతా బెన్యామీను పై గుమ్మము దగ్గర బొండలో వేయించాడు. యిర్మీయా ఇదంతా నవ్వుతూ భరించాడని అనుకోకండి. తాను పుట్టిన దినమును శపించుకొన్నాడు. దేవుడు తనను మోసపుచ్చాడని ముఖముననే అన్నాడు. ఇక ఆయన పేరెత్తనని ఒట్టు పెట్టుకోబోయి, లోపల అగ్ని మండుతున్నట్లై ఊరకుండలేకపోయాడు. ఇత్తడి గోడ అంటే నొప్పి తెలియని గోడ అని కాదన్నమాట.

క్రీ.పూ. 605లో కర్కెమీషు దగ్గర బబులోను సేన ఐగుప్తును ఓడించింది. లోకపు అధికారము చేతులు మారింది. ఆ యేడే యిర్మీయా తన ప్రవచనములన్నిటిని నేరీయా కుమారుడైన బారూకుచేత ఒక గ్రంథపు చుట్టలో వ్రాయించాడు. మరుసటి యేట 9వ నెలలో, చలికాలమున, యెహోయాకీము కుంపటి ముందు కూర్చుండి దానిని చదివించుకొన్నాడు. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో కోసి నిప్పులో వేయడము, అలా చుట్ట అంతా కాలిపోవడము జరిగింది. యిర్మీయా, బారూకు మరియొక చుట్ట తీసుకొని మొదటినుండి మళ్లీ వ్రాశారు. ఈసారి ఇంకా ఎక్కువ మాటలు చేర్చారు. నేడు మన చేతిలో ఉన్న యిర్మీయా గ్రంథమునకు ఆ రెండవ చుట్టయే మూలము.

క్రీ.పూ. 598లో యెహోయాకీము చనిపోయాడు. 18 ఏండ్ల కుమారుడు యెహోయాకీను మూడు నెలలు ఏలి, నెబుకద్రెజరు ముట్టడి వేయగానే బయటికి వచ్చి లోబడ్డాడు. బబులోనువారి దినవృత్తాంత పలకను బట్టి పట్టణము పట్టుబడినది క్రీ.పూ. 597 మార్చి 16. రాజును, రాజమాతను, అధిపతులను, కంసాలులను, పనివారిని వేల సంఖ్యలో బబులోనుకు తీసుకుపోయారు. మిగిలినవారి మీద సిద్కియాను రాజుగా నిలిపారు.

అప్పుడు రెండు గుంపులేర్పడినవి. గోడ లోపల మిగిలినవారు, దూరదేశమునకు పోయినవారు. లోపలివారు తామే దేవుని ఆశీర్వాదము పొందినవారమనీ, పోయినవారు శాపగ్రస్తులనీ తలచారు. యిర్మీయాకు దేవుడు రెండు గంపల అంజూరపు పండ్లు చూపించాడు. మంచి పండ్ల గంప వలసపోయినవారిది. తినలేనంత చెడ్డ పండ్ల గంప గోడ లోపలివారిది.

తర్వాత ఆయన బబులోనులో ఉన్నవారికి ఒక ఉత్తరము వ్రాశాడు. రాజు పంపిన దూతలు ఎల్యాశా, గెమర్యా అనువారి చేతికిచ్చి పంపాడు. ఇండ్లు కట్టుకొని కాపురముండమన్నాడు. తోటలు నాటి వాటి ఫలము తినమన్నాడు. కొడుకులకు కూతుళ్లకు పెండ్లిళ్లు చేయమన్నాడు. తమ్మును చెరపట్టిన ఆ పట్టణపు క్షేమము కొరకే ప్రార్థించమన్నాడు, దాని క్షేమమే మీ క్షేమమన్నాడు. 70 ఏండ్ల వరకు తిరిగి వచ్చుట లేదన్నాడు. అక్కడ కొందరు ప్రవక్తలు వచ్చే సంవత్సరమే ఇంటికి పోతామని చెప్పుచుండగా ఈ ఉత్తరము వెళ్లింది. చదివిన షెమయా అనువాడు, ఈ పిచ్చివానిని ఇంకా బొండలో వేయలేదేమని యెరూషలేము యాజకునికి తిరుగు ఉత్తరము వ్రాశాడు.

ఈ ఉత్తరమును మనము వేరే వారికంటె కొంచెము దగ్గరగా చదువుతాము. కోలారు బంగారు గనులకో, బొంబాయి మిల్లులకో, మద్రాసుకో, ఒరిస్సాకో పోయిన మన తాతలు నాలుగు రాళ్లు సంపాదించుకొని ఊరికి పోదామనే పెట్టె సర్దుకొని ఉన్నారు. 2001లో కోలారు గనులు మూతపడిన తర్వాత కూడా అక్కడే ఉండిపోయిన కుటుంబాలున్నాయి. మన తాతలను ఎవరూ చెరపట్టి తీసుకుపోలేదు, వారిని తరిమినది కూటి కరవు; కాబట్టి పోలికను ఎక్కువ సాగదీయము. అయినా తెలియని ఊరిలో ఇల్లు కట్టుట, తన భాష కాని పట్టణము కొరకు ప్రార్థించుట ఎంత కష్టమో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ ఉత్తరము వృథా కాలేదు. బబులోనులో జర్మనీవారు జరిపిన త్రవ్వకములలో దొరికి 1939లో ప్రకటింపబడిన మట్టి పలకలలో, యూదా రాజైన యెహోయాకీనుకు, ఆయన అయిదుగురు కుమారులకు కొలిచి ఇచ్చిన నూనె లెక్కలున్నాయి. 2014లో మరికొన్ని పలకలు పుస్తకముగా వచ్చాయి. అవి క్రీ.పూ. 572 నుండి 477 వరకు బబులోను పల్లెలలో యూదులు వ్రాయించుకొన్న కౌలు, అప్పు, పన్ను కాగితముల వంటివి. ఆ పల్లెలలో ఒకదాని పేరు ఆల్ యాహూదు, అనగా యూదా పట్టణము. వారు భూమి దున్నారు, ఈతచెట్లు పెంచారు, పిల్లలకు పేర్లు పెట్టారు. వచ్చే యేట పోతామన్న ప్రవక్తల మాట నమ్మి ఊరకున్నవారైతే ఆ పలకలు వ్రాయించుకొనియుండరు.

యెరూషలేములోను అటువంటి తీపి మాటలకు కొదువ లేదు. సిద్కియా 4వ యేట యిర్మీయా మెడమీద కాడి పెట్టుకొని, బబులోనుకు లోబడి బ్రతకండని తిరుగుచుండగా, గిబియోనువాడైన హనన్యా అను ప్రవక్త ఆ కాడి తీసి అందరి యెదుట విరిచాడు. రెండేండ్లలో అంతా తిరిగి వస్తారని చెప్పాడు. యిర్మీయా మొదట ఆమేన్ అన్నాడు! అలా జరిగితే ఎంత బాగుండునని ఆయనకూ ఉన్నది. తర్వాతనే దేవుడు కొయ్య కాడికి బదులు ఇనుప కాడి వస్తుందని చెప్పించాడు. హనన్యా ఆ యేడే చనిపోయాడు.

ఇక అసలు ముట్టడి. ఐగుప్తు సహాయమును నమ్మి సిద్కియా తిరుగుబాటు చేశాడు. ఆయన ఏలుబడి 9వ యేట 10వ నెల 10వ దినమున కల్దీయుల సేన యెరూషలేము చుట్టు దిగింది. 11వ యేట 4వ నెల 9వ దినమున గోడ పగిలింది. సంవత్సరాదిని ఏ నెలనుండి లెక్కించాలన్నదానిని బట్టి ఇది ఏడాదిన్నర అని కొందరు, రెండున్నర ఏండ్లని కొందరు అంటారు. అందుకే పట్టణము పడిన సంవత్సరము క్రీ.పూ. 587 అనీ 586 అనీ పుస్తకములలో రెండు విధములుగా కనబడుతుంది.

ఆ కాలపు ముట్టడి అంటే ఒక్క రోజు యుద్ధము కాదు. పట్టణము చుట్టు దిగి దారులన్నీ మూసివేస్తారు. లోపల ధాన్యము అయిపోవుటకు కాచుకొని ఉంటారు. ఆ లోగా గోడకు ఆనించి మట్టి, రాళ్లు, కలప పోసి ముట్టడి దిబ్బలు లేపుతారు. దిబ్బ గోడ ఎత్తుకు వచ్చినప్పుడు గోడలు పడగొట్టు యంత్రములను దానిమీదికి ఎక్కిస్తారు. లోపలివారు దానికి ఎదురుగా తమ ఇండ్లనే, రాజగృహములనే పడగొట్టి ఆ రాళ్లతో గోడ బలపరచుకొంటారు. యెరూషలేములో అలాగే చేశారని యిర్మీయా గ్రంథము చెబుతుంది. గోడను కాపాడుటకు ఇల్లు పడగొట్టుకొనుట! కరవు, తెగులు, కత్తి ఈ మూడే ఆ దినములలో ఆయన పదేపదే చెప్పిన మాటలు.

యూదాలో కోటగల పట్టణములలో చివరికి లాకీషు, అజేకా మాత్రమే మిగిలినవని గ్రంథములో ఒక చోట ఉన్నది. 1935లో స్టార్కీ అను ఆంగ్లేయుడు లాకీషు గుమ్మపు గదిలో బూడిద నడుమ కుండ పెంకుల మీద సిరాతో వ్రాసిన ఉత్తరములను కనుగొన్నాడు. ఒక చిన్న సేనాధికారి తన పైవానికి వ్రాసినవి అవి. ఒక పెంకు మీద, తాము లాకీషు నుండి వచ్చే అగ్ని సంకేతముల కొరకు కనిపెట్టుచున్నామనీ, అజేకా కనబడుట లేదనీ ఉన్నది. మరియొక దానిలో, అధిపతుల మాటలు జనుల చేతులు బలహీనము చేయుచున్నవనే ఫిర్యాదు ఉన్నది. సరిగా ఇదే నేరమును అధిపతులు యిర్మీయా మీద మోపారు.

ముట్టడి బిగిసినప్పుడు సిద్కియాకు, పెద్దలకు దేవుని భయము పుట్టింది. హెబ్రీ దాసులను దాసీలను విడిచిపెట్టుటకు దేవాలయములో నిబంధన చేశారు, దూడను రెండుగా కోసి నడుమ నడిచారు. ఇంతలో ఐగుప్తు సేన వస్తున్నదని విని కల్దీయులు ముట్టడి ఎత్తి అటు వెళ్లారు. గుమ్మములు తెరుచుకొన్నాయి. మొదట వారు చేసిన పని, విడిచిన దాసులను మళ్లీ పట్టి తెచ్చుకొనుట. యెరూషలేము గోడ ఎక్కడ పగిలిందని అడిగితే, కల్దీయుల యంత్రములు తగిలిన ఉత్తరపు గోడ కంటె ముందు ఇక్కడనే పగిలిందని మేము అనుకొంటాము. యిర్మీయా ఆ దినమున ఎంత కోపముగా మాటలాడాడో 34వ అధ్యాయములో చదవండి.

ఆ కొద్ది రోజుల విరామములో ఆయన తన వంతు ఆస్తి విషయమై బెన్యామీను దేశమునకు బయలుదేరాడు. బెన్యామీను గుమ్మము దగ్గర ఈరీయా అను కావలి అధికారి, కల్దీయులలో చేరబోవుచున్నావని ఆయనను పట్టుకొన్నాడు. కాదన్నా వినలేదు. కొట్టి, లేఖికుడైన యోనాతాను ఇంటిలోని గోతిలో పడవేశారు. చాలా దినములైన తర్వాత రాజు రహస్యముగా పిలిపించి, దేవునియొద్దనుండి ఏదైనా మాట ఉన్నదా అని అడిగాడు. ఉన్నది, నీవు బబులోను రాజు చేతికి అప్పగింపబడతావని చెప్పి, ఆ తర్వాత తన ప్రాణము కొరకు మనవి చేసుకొన్నాడు. ఆ గోతిలోనికి మళ్లీ పంపితే చచ్చిపోతానన్నాడు. రాజు ఆయనను కావలి ఆవరణములో ఉంచి, రొట్టెలు కాల్చువారి వీధినుండి దినమునకు ఒక రొట్టె ఇప్పించాడు. పట్టణములో రొట్టెలు ఉన్నంతవరకు అది వచ్చింది.

ఆ ఆవరణములో ఉండగానే, ముట్టడి దిబ్బలు గోడను సమీపించుచుండగా, పినతండ్రి షల్లూము కుమారుడు హనమేలు వచ్చాడు. అనాతోతులో తన పొలము కొనుమన్నాడు. విడిపించుకొను హక్కు దగ్గరి బంధువుగా యిర్మీయాదే. నవ్వు వచ్చే బేరము. అనాతోతు అప్పటికి శత్రువు చేతిలో ఉన్న ప్రాంతము. కొనేవాడు ఖైదీ, పెండ్లి పిల్లలు లేనివాడు. అమ్మేవాడు ఏ సంగతి తెలిసి అమ్ముతున్నాడో మనము ఊహించవచ్చు. యిర్మీయా 17 తులముల వెండి తూచి ఇచ్చాడు. ఆ కాలపు తులము లెక్కన అది సుమారు 200 గ్రాములు. క్రయపత్రము వ్రాయించి, ముద్ర వేసి, సాక్షులచేత సంతకములు పెట్టించి, ముద్రగల ప్రతిని, ముద్రలేని ప్రతిని రెండింటిని బారూకు చేతికిచ్చి, చాలా దినములు చెడిపోకుండా మంటి కుండలో పెట్టమన్నాడు. ఈ దేశములో ఇండ్లు, పొలములు, ద్రాక్షతోటలు మళ్లీ కొనబడతాయని దేవుడు చెప్పాడు. మన ఇండ్లలో చాలామంది పెట్టె అడుగున ఊరి పొలము దస్తావేజు ఒకటి ఇంకా ఉన్నది. ఎందుకు దాచామో పిల్లలకు చెప్పడము కష్టము. యిర్మీయాకు కూడా కష్టమే అయింది. కొన్న వెంటనే చేసిన ప్రార్థనలో, పట్టణము కల్దీయుల చేతికి పోవుచుండగా పొలము కొనమన్నావేమని దేవునినే అడిగాడు.

పట్టణములో నిలిచినవాడు చచ్చును, కల్దీయుల యొద్దకు వెళ్లినవాడు బ్రతుకును అని ఆయన చెప్పుట మానలేదు. నలుగురు అధిపతులు రాజు దగ్గరికి పోయి, ఈయన యుద్ధము చేయువారి చేతులు బలహీనపరచుచున్నాడు, చంపించమన్నారు. ఆ నలుగురిలో షెలెమ్యా కుమారుడైన యూకలు, పషూరు కుమారుడైన గెదల్యా అనువారి మట్టి ముద్రలు 2005, 2008లలో యెరూషలేములోనే త్రవ్వకములలో దొరికినవి. కథలో వచ్చే మనుష్యులు కారు వీరు. పేరు, ముద్ర, పదవి ఉన్న పెద్దమనుషులు. వారి దృష్టితో చూస్తే న్యాయముగానే మాటలాడారు. ముట్టడిలో ఉన్న ఏ దేశమైనా ఇటువంటి మాట చెప్పేవానిని ద్రోహి అనే అంటుంది. యిర్మీయా డబ్బుకో పదవికో చెప్పినవాడైతే ద్రోహియే. గాని బబులోనువారు తర్వాత మర్యాద చేసి రమ్మన్నప్పుడు ఆయన వెళ్లలేదు.

సిద్కియా చేతులెత్తేశాడు. వారు యిర్మీయాను మల్కీయా గోతిలోనికి త్రాళ్లతో దింపారు. నీళ్లు లేవు, బురద ఉన్నది. ఆయన బురదలో దిగబడ్డాడు. అప్పుడు ఆయన కొరకు నోరు తెరిచినది యాజకుడు కాడు, యూదుడు కూడా కాడు. రాజగృహములో పనిచేసే కూషీయుడు, నపుంసకుడైన ఎబెద్మెలెకు. పరదేశి. రాజు బెన్యామీను గుమ్మములో కూర్చుండగా బహిరంగముగా వెళ్లి, ఆయన ఆకలికి చస్తాడని చెప్పి, 30 మందిని వెంట తీసుకొనుటకు సెలవు పుచ్చుకొన్నాడు. ఖజానా క్రింది గదిలో పాత చింకి బట్టలు ఏరి, త్రాళ్లు ఒరుసుకొనకుండా చంకల క్రింద పెట్టుకొమ్మని అందించాడు. అంత గొడవలో ఆ చింకి బట్టలు గుర్తుంచుకొన్నాడు చూడండి! పట్టణము కూలిన దినమున ఈయన ప్రాణము దక్కుతుందని దేవుడు ప్రత్యేకముగా కబురు పంపాడు.

చివరిసారి సిద్కియా దేవాలయపు మూడవ ద్వారము దగ్గర యిర్మీయాను కలుసుకొన్నాడు. లోబడితే పట్టణము కాలదు, నీవు నీ ఇంటివారు బ్రతుకుతారని ఆయన చెప్పాడు. రాజుకు ఆ మాట నిజమని తెలుసు. ఇప్పటికే కల్దీయుల పక్షము చేరిన యూదులు తనను అపహసిస్తారేమో అని భయపడ్డాడు. ఈ మాటలు అధిపతులకు తెలియనీయవద్దని బ్రతిమాలుకొన్నాడు. సిద్కియా చెడ్డ రాజని ఒక్క మాటతో తేల్చేస్తాము గాని, ఆయనను చదివినప్పుడెల్లా మాకు జాలి కలుగుతుంది. సత్యమును రాత్రిపూట రహస్యముగా అడిగి తెలుసుకొని, పగటిపూట నలుగురికి భయపడి బ్రతికినవాడు.

గోడ పగిలిన రాత్రి ఆయన రాజు తోట దారిన, రెండు గోడల నడుమ గుమ్మము గుండా పారిపోయాడు. యెరికో మైదానములో పట్టుకొన్నారు. ఇశ్రాయేలీయులు దేవుని చేత గోడ కూలగా దేశములో ప్రవేశించిన ఆ యెరికో దగ్గరనే వారి చివరి రాజు ఒంటరిగా దొరికిపోయాడు. రిబ్లాలో ఆయన కన్నుల యెదుట కుమారులను చంపి, ఆ తర్వాత ఆ కన్నులు ఊడదీశారు. నెల తిరిగేసరికి నెబూజరదాను వచ్చి మందిరమును, రాజనగరును, ఇండ్లను కాల్చి గోడలు పడగొట్టించాడు. ఆ దినములను గూర్చిన విలాపవాక్యములు యిర్మీయా వ్రాసినవని సంప్రదాయము. వాటిలో మొదటి నాలుగు అధ్యాయములు హెబ్రీ అక్షరమాల వరుసలో కూర్చబడినవి.

నెబూజరదాను, ఏమియు లేని బీదలకు ద్రాక్షతోటలు, పొలములు పంచి ఇచ్చాడు. రామాలో సంకెళ్లతో ఉన్న యిర్మీయాను విడిపించి, బబులోనుకు వస్తే బాగుగా చూస్తాననీ, లేకుంటే నీ ఇష్టమనీ అన్నాడు. ఆయన శిథిలముల మధ్య మిగిలిన బీదలతో ఉండుటకు మిస్పాలో గెదల్యా యొద్దకు వెళ్లాడు. ఈ గెదల్యా ఒకప్పుడు ఆయనను కాపాడిన అహీకాము కుమారుడు. కొద్ది నెలలకే ఇష్మాయేలు అనువాడు అతనిని భోజనపు బల్ల దగ్గర చంపాడు. మిగిలినవారు బబులోనుకు భయపడి ఐగుప్తుకు పోదామా అని యిర్మీయాను అడిగారు. పది దినముల తర్వాత పోవద్దని జవాబు వచ్చింది. అబద్ధమాడుచున్నావన్నారు. ఆయనను, బారూకును కూడా వెంటబెట్టుకొని ఐగుప్తులోని తహపనేసుకు వెళ్లిపోయారు.

తహపనేసులో ఆయన పెద్ద రాళ్లు తీసుకొని ఫరో నగరు ద్వారము దగ్గర ఇటుకల చదును క్రింద పాతిపెట్టి, నెబుకద్రెజరు సింహాసనము ఇక్కడికీ వస్తుందని చెప్పాడు. 1886లో ఫ్లిండర్స్ పెట్రీ ఆ చోట త్రవ్వి, పెద్ద కట్టడము ముందు ఇటుకలు పరచిన చదును చూశాడు. ఆ దిబ్బను అక్కడి అరబ్బులు యూదుని కుమార్తె కోట అని పిలిచేవారు. ఐగుప్తులోని యూదులతో యిర్మీయా చివరిగా వాదించాడు, వారు వినలేదు. ఆయన ఎప్పుడు ఎలా మరణించాడో గ్రంథములో లేదు. అనాతోతు పొలములో ఆయన ఒక్క సాలు కూడా దున్నలేదు.

క్రీ.పూ. 539లో బబులోను కోరెషు వశమైంది. తిరిగి వెళ్లుటకు ఆజ్ఞ వచ్చింది. తిరిగి వచ్చినవారి జాబితాను ఎజ్రా 2వ అధ్యాయములో ఊరూరి చొప్పున వ్రాసి ఉంచారు. మనము సాధారణముగా ఆ అధ్యాయమును చదవకుండా దాటేస్తాము. దానిలో 23వ వచనము అనాతోతువారిది. వారు 128 మంది.